పుర్రచేతి పదును

మా ఇంట్లో ఉన్న చాకుకు పదును లేదు. టమాట మీద పెడితే తొక్క లోపలికి నొక్కుకుపోతుంది కాని తెగదు. సిరిసిల్లలో మా ఇంటికి వచ్చే ఆడవాళ్ళు ఉల్లిగడ్డ కోసిపెడదామని గూట్లోంచి దాన్ని తీస్తారు, రెండుసార్లు గీస్తారు, తర్వాత నా మొహం చూస్తారు. సాన పట్టేవాడి బిడ్డ ఇంట్లో ఇట్లాంటి చాకా అని ఎదురింటామె ఎన్నిసార్లు అన్నదో. నేను నవ్వి కత్తిపీట ముందుకు జరుపుతాను. మడిస్తే అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి పిడి చాకు అది. పగలు గూట్లో ఉంటుంది. పాప పడుకునే వేళకు తీసి బొంత కింద, తలవైపు పెడతాను. పాపకు ఇప్పుడు మూడేళ్ళు.

నిన్నటి నుంచి పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంది. జలుబు జ్వరమే అని డాక్టరు సిరప్ రాసిచ్చాడు. అయినా రెండు వాక్యాలు రాయడం, లేచి వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఇదే పనిగా ఉన్నాను. పక్క గల్లీలో సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆ చప్పుడు ఉన్నంతసేపు ఫరవాలేదు, కరెంటు పోయి అన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడే లేచి పాప దగ్గరికి పరుగెత్తుతాను. జ్వరం వచ్చిన ప్రతిసారీ నాకు ఈ చాకే గుర్తొస్తుంది. డిగ్రీలో జీవశాస్త్రం చదివినదాన్ని. చాకు పదునుకూ పిల్ల జ్వరానికీ సంబంధం లేదని పరీక్షలో అడిగితే మూడు పేజీలు రాయగలను. కాని ఆ పదును తీసేసింది నేనే.

కోరుట్లలో బస్టాండుకు పోయే దారిలో మా ఇల్లు. ముందు గది బాపు సాన కొట్టు, వెనక గదిలో మేము. బాపు కూర్చుని పెడలు తొక్కితే పట్టా లాగి సాన చక్రం తిరిగేది. బీడీలు చేసే ఆడవాళ్ళు ఆకు కత్తిరించే కత్తెరలు తెచ్చేవారు. రైతులు చాకులు తెచ్చేవారు. అంగీ జేబులో చాకు లేని రైతును నేను చిన్నప్పుడు చూడలేదు. తాడు తెంపాలన్నా, ఎరువు బస్తా కుట్లు విప్పాలన్నా, మామిడికాయ కోసి ఉప్పు అద్దుకోవాలన్నా అదే.

బాపు దగ్గర తాత చాకు ఒకటి రేకు డబ్బాలో ఉండేది. బండి చక్రపు పట్టాతో కమ్మరి కొట్టిన చాకు. వెన్ను దళసరిగా ఉండి, రెండు పక్కలూ చేప పొట్టలాగా ఉబ్బి, చివర అంచు దగ్గర కలిసేవి. తాత దాన్ని చేత్తోనే బండ మీద నూరేవాడట. ఎముక మీద పడ్డా అంచు పెచ్చు లేచేది కాదు. కాని సన్నపని చేతకాదు, వక్క కొయ్యమంటే వక్క ఒకవైపు, మనిషి ఒకవైపు పడాలని బాపు నవ్వేవాడు. ఆయన కాలానికి బజారులో పలచని చాకులు వచ్చాయి. వెన్ను నుంచి అంచు దాకా ఒకటే వాలు, ఎక్కడా పొట్ట లేదు. నిమ్మకాయ కోస్తే నల్లబడేవి, తుడవకపోతే తుప్పు పట్టేవి, కాని ఎంత నూరితే అంత వినేవి. బాపుకు అవే ఇష్టం.

ఆ తర్వాత దుబాయి, మస్కటు పోయినవాళ్ళు సెలవుకు వస్తూ తళతళలాడే చాకులు తేవడం మొదలుపెట్టారు. వాటి పక్కలు దవడలు పీక్కుపోయిన మనిషిలాగా లోపలికి గుంటపడి ఉండేవి. కొత్తలో బ్లేడులాగా తెగేవి. ఏడాది తిరిగేసరికి మొద్దుబారేవి. అప్పుడు నూరదామంటే ఆ గుంట దాటి పైకి పోతే దళసరి ఇనుము తగిలేది, మొదటి పదును మళ్ళీ వచ్చేది కాదు. మొదటిసారి అట్లాంటి చాకును బాపు మామూలుగా చక్రానికి ఆనిస్తే వేడికి మొన నీలంగా మారింది. దాని సొంతదారు మస్కటులో కొన్న చాకును కోరుట్లలో పాడుచేశావని ముందు గదిలో నిలబడి పంచాయితీ పెట్టాడు. మర్నాడే బాపు ఒక డబ్బాకు అడుగున సన్న రంధ్రం చేసి, చక్రం పైన వేలాడదీసి, నీళ్ళు చుక్కచుక్కగా పడేటట్టు పెట్టుకున్నాడు. రంపపు పళ్ళున్న చాకులు తెస్తే మాత్రం చేతులు జోడించి వెనక్కు పంపేవాడు.

బాపుది పుర్రచేయి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళను అట్లాగే అంటారు. అన్నం తినడం, ఎవరికైనా ఇవ్వడం, తీసుకోవడం అంతా కుడిచేత్తోనే. చిన్నప్పుడు ఎడమచేతికి గుడ్డ చుట్టి మరీ అలవాటు చేశారట. సాన ముందు కూర్చుంటే మాత్రం ఎడమచెయ్యే. ఆయన చాకును రెండు పక్కలా నూరేవాడు కాదు. అంచు దగ్గర ఒక పక్కే వాలు కొట్టి రెండో పక్క అద్దంలాగా చదునుగా వదిలేసేవాడు. అట్లా చేస్తే పదును ఎక్కువ రోజులు నిలుస్తుందని, తగ్గినా రైతే గట్టు మీద రాయితో సరిచేసుకోవచ్చని అనేవాడు. అట్లా ఒక పక్కే నూరేవాళ్ళు వేరే ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళ వాలు చాకుకు కుడి పక్కన ఉంటుంది. మా బాపుది ఎడమ పక్కన. దాంతో కట్టె చెక్కుతుంటే కత్తి తనంతట తాను కుడికి జరుగుతుంది. ముత్యంపేట నుంచి వచ్చే చెరుకు రైతు ఒకాయన ఈ సంగతి కనిపెట్టి వచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"నీ చాకు తాగినోని తీర్గ నడుస్తది ఉస్తాద్."

"తాగినోడు ఇంటికి చేరుతలేడా? నీ కట్టె తెగిందా లేదా, గది చెప్పు."

తెగేది. అందుకే ఆయన మళ్ళీ వచ్చేవాడు. చాకు అంచు చూసి ఇది కోరుట్ల సాన అని చెప్పగలిగేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఉండేవారు. బాపు చెయ్యి అనేవారు దాన్ని. అది విని మేము గర్వపడిన రోజులు ఉన్నాయి.

నేను జగిత్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో బస్సులు ఆపి వెతకడం మొదలైంది. అడవిలో ఉన్న అన్నల కోసం అని. మగవాళ్ళను దింపి వరసగా నిలబెట్టేవారు, ఆడవాళ్ళ సంచులు సీట్ల దగ్గరే చూసేవారు. బొమ్మలు గీసే పెన్సిళ్ళు చెక్కుకోవడానికి బాపు ఇచ్చిన చిన్న చాకు నా సంచిలో ఉండేది. ఒక రోజు ఒక పోలీసాయన దాన్ని విప్పి, తన నాలుగు వేళ్ళ మీద అడ్డంగా పెట్టి కొలిచాడు. వేళ్ళు దాటలేదని తిరిగిచ్చాడు. కింద వరసలో ఉన్న ఒక పెద్దమనిషి చాకు దాటింది. బస్సు ఆయన లేకుండానే కదిలింది. ఆయన టిఫిన్ డబ్బా నా ముందు సీటు కింద జగిత్యాల దాకా అటూ ఇటూ దొర్లుతూ వచ్చింది. ఆయన ఎవరో, తర్వాత ఏమైందో తెలియదు.

ఆ తర్వాత బాపు దగ్గరికి పదును కోసం వచ్చేవాళ్ళు తగ్గి, చాకు పొట్టి చేయమని, మొన తీసేయమని వచ్చేవాళ్ళు పెరిగారు. కొలిచేది నాలుగు వేళ్ళతోనే అని అందరికీ తెలిసిపోయింది. కాని ఎవరి వేళ్ళు? సన్న వేళ్ళ పోలీసు తగిలితే ఎట్లా? అందుకని మూడు వేళ్ళకే తెగ్గొట్టమనేవారు. బాపు మొనలను చక్రం మీద గుండ్రంగా అరగదీసేవాడు. ముక్కు కోసినట్టున్నదని గొణుక్కునేవాడు. సాయంత్రం అవ్వ, అంటే మా అమ్మ, ముందు గది ఊడిస్తే చేటలో నల్లటి ఇనుప పొడి పోగయ్యేది. మా వైపు చాకుల మొనలన్నీ ఆ పొడిలోనే పోయాయి.

బాపు ఒక్క తన చాకు మొన మాత్రం తీయలేదు. అది జేబులో పెట్టుకుని బయటికి పోవడం మానేశాడంతే.

నన్ను సిరిసిల్లకు ఇచ్చారు. మా ఆయన సాంచాలు బాగుచేసే పని చేస్తాడు. మొదటి కాన్పుకు కోరుట్ల వచ్చాను. పాప పుట్టగానే, బాలింత దగ్గర ఇనుము ఉండాలని అవ్వ అన్నది. గాలి సోకకుండా, చెడు కన్ను పడకుండా బిడ్డ తల దగ్గర ఇనుప వస్తువు పెడతారు. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేదాకా దాన్ని కదపరు. బాపు తన ఇత్తడి పిడి చాకు ఇచ్చాడు. అవ్వ దాన్ని సగం విప్పి, పిల్లకు తగలకుండా గుడ్డ మడతలో పెట్టి, బొంత కింద తలవైపు ఉంచింది. మూసి పెడదామని నేనంటే, మూసిన చాకుకు గాలి భయపడదన్నది. అది భయపడేది ఇనుముకు కాదు, పదునుకట.

నేను ఎదురు చెప్పలేదు. నాకంటే ముందు అవ్వకు ఒక కొడుకు పుట్టాడు. ఎనిమిదో రోజున పోయాడు. ఆ పొద్దున ఎవరో దూడ తాడు కోయడానికి పిల్లవాడి తలదగ్గరి కొడవలి తీసుకుపోయారని, తెచ్చి పెట్టడం మరిచారని అవ్వ నమ్మకం. ఆ సంగతి ఎన్నడూ ఏడుస్తూ చెప్పలేదు. బియ్యం ఏరుతూనో, గిన్నెలు తోముతూనో చెప్పేది. అందుకే ఇంకా భయమేసేది.

పాప పుట్టిన ఏడో రోజు కొట్టుకు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. కొత్తవాడేం కాదు. ఆయన భార్య బీడీలు చేస్తుంది, ఆమె కత్తెర నూరించడానికి ఏళ్ళుగా వస్తున్నవాడే. ఆ రోజు మామూలు బట్టల్లో వచ్చాడు, కత్తెర తేలేదు. వెనక గదిలో మంచం మీదున్న నాకు వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. అడవి అంచున దొరికిన సంచిలో ఒక చాకు ఉందట. వేరే ఠాణా ఎస్సై ఒకాయన, ఈ వైపు వాడు కాదు, దాన్ని పట్టుకుని సానలవాళ్ళందరి దగ్గరికీ తిరుగుతున్నాడట. అంచు ఒక పక్కే వాలు ఉందట. ఎడమ పక్క.

"నీ చెయ్యి కనవడ్తున్నది ఉస్తాద్" అన్నాడు కానిస్టేబుల్. "నేను చెప్పలె. ఇంకోడు చెప్తడు."

"నేను నూరిన చాకులు ఎన్నో. అడిగినోనికల్ల నూరిన. ఎవడు యాడ వెట్టుకున్నడో నాకేం ఎరుక?"

"గా మాటనే ఆడ కూసోవెట్టి అడుగుతరు."

ఆడ అంటే ఎక్కడో విడమరిచి చెప్పనక్కరలేదు. ఊరి బయట చాయ్ హోటలు నడిపే ఒకాయన ఎవరికో చాయ్ పోశాడని తీసుకుపోయారు. ఎవరికి పోశాడో ఆయనకే తెలియదు. తిరిగి వచ్చాక ఇప్పటికీ గోడ పట్టుకుని నడుస్తాడు. బాపుకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఆ మోకాళ్ళతో ఆడ కూర్చోవడం, ఆ ప్రశ్నలు, నాకు కళ్ళకు కట్టినట్టు కనబడ్డాయి. పాప పాలు తాగుతూ ఉలిక్కిపడింది. నా గుండె చప్పుడు దానికి వినబడిందేమో.

మర్నాడు బాపు కొట్టు ముందు పలక మీద సుద్దతో రాశాడు: ఈ వారం చాకులకు సాన ఫ్రీ. నాకు వెంటనే అర్థమైంది. తన చెయ్యి ఉన్న చాకులన్నీ వెనక్కు రప్పించి, ఆ చెయ్యి చెరిపేయాలని. ఊళ్ళోవాళ్ళకు మాత్రం వేరేగా అర్థమైంది. మన్మరాలు పుట్టిందని ధర్మం చేస్తున్నావా అని బీడీల ఆడవాళ్ళు అడిగారు. చాకులకేనా, మా కత్తెరలు ఏం పాపం చేశాయి అని ఒకామె గట్టిగానే తగులుకుంది. బాపు అవునవునన్నాడు, కత్తెరలు కూడా పట్టాడు. మన్మరాలి పేరు చెప్పి అందరూ చాకులు తెచ్చారు. ముత్యంపేటాయన తన ఇంటి చాకులతో పాటు పక్కింటివాళ్ళవి కూడా మూటగట్టి తెచ్చాడు.

బాపు కుడిచేత్తో, రెండు పక్కలా నూరడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు చేసిన పని కొత్తగా నేర్చుకుంటున్నట్టు కూర్చున్నాడు. మొదటి చాకులు వంకరపోయాయి. ఒకటి జారి బొటనవేలు తెగింది, గుడ్డ కట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. చక్రం చప్పుడు కూడా మారిపోయింది. ఎప్పుడూ ఒకే తీరుగా సాగే చప్పుడు ఇప్పుడు ఆగుతూ, గీరుతూ, మళ్ళీ ఆగుతూ ఉంటే నాకు పడుకోబుద్ధి కాలేదు. ముత్యంపేటాయన తన చాకుతో కట్టె ముక్క చెక్కి చూసుకున్నాడు.

"ఇప్పుడు సక్కగ నడుస్తున్నది. తాగుడు బంద్ వెట్టిందా ఏంది?"

బాపు నవ్వలేదు. ఆయనే ఇబ్బందిపడి వెళ్ళిపోయాడు.

పదకొండో రోజుకు చాలామటుకు చాకులు వచ్చాయి. బాపు చెయ్యి అచ్చంగా ఉన్న చాకు మా ఇంట్లోనే మిగిలింది. ఆయన సొంతది, మొన కూడా తీయనిది, నా పాప తలకింద ఉన్నది. బాపు గడప అవతల నిలబడి అవ్వతో మెల్లగా చెప్పాడు, ఒక్క గంట ఇస్తే మార్చి తెస్తానని. అవ్వ అడ్డంగా నిలబడింది. దాని బదులు కొడవలి పెట్టమన్నాడు. పెట్టిన ఇనుము మార్చకూడదన్నది.

"ఇరవై ఒక్క దినం దాంక గా ఇనుము కదలది. కావాల్నంటే నన్ను తీస్కపొమ్మను ఠాణకు."

ఎనిమిదో రోజు పోయిన పిల్లవాడు బాపు కొడుకు కూడా. వెనక్కు తిరిగిపోయి చక్రం ముందు కూర్చున్నాడు, కాని తొక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం కానిస్టేబుల్ సైకిలు దిగకుండానే, రేపు వస్తున్నారని చెప్పి పోయాడు. అవ్వ నా స్నానానికి నీళ్ళు కాగబెట్టడానికి పెరట్లోకి వెళ్ళింది. ముందు గదిలో చక్రం గీరుతున్నది. నేను పాపను పక్కకు జరిపి బొంత కింద చెయ్యి పెట్టాను. చాకును పూర్తిగా విప్పాను. ఎడమ పక్కన వాలు, అగ్గిపుల్ల అంత వెడల్పు, ఎక్కడా వంకర లేకుండా మొన దాకా తెల్లటి గీతలాగా ఉంది. అంత అందంగా ఉంటుందని అప్పటిదాకా చూడనే లేదు. మంచం దిగి, కింద షాబాదు బండ మీద దాన్ని నిలువుగా పెట్టి రుద్దాను. తర్వాత అటు పక్క, ఇటు పక్క. చక్రం చప్పుడు ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. కుట్లు లాగి నొప్పి పెట్టాయి. పాప నిద్రలో మూతి ముడిచి, మళ్ళీ సర్దుకుంది. నేను అప్పుడు దానికేసి చూసి మనసులో ఏదో చెప్పుకున్నాను. దేవుడికి చెప్పానో, గాలికి చెప్పానో తెలియదు. ఇనుము ఇక్కడే ఉంది కదా, పదునొక్కటే కదా పోయింది, అన్నాననుకుంటాను. ఆ తెల్ల గీత పోయేదాకా రుద్దాను. గీతలు కొట్టొచ్చినట్టు కనబడకుండా కొబ్బరినూనె, పసుపు కలిపి పూశాను. మళ్ళీ సగం మడిచి గుడ్డలో పెట్టాను.

పొద్దున ఎస్సై వచ్చాడు. గళ్ళ చొక్కాలో ఉన్నాడు. వెనక కానిస్టేబుల్ రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. తలుపు సందులోంచి నాకు బాపు వీపు, ఎస్సై మొహం కనబడుతున్నాయి. ఎస్సై తళతళలాడే కొత్త చాకు ఒకటి ఇచ్చి, నూరమని ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. బాపు కుడిచేత్తో అందుకుని కుడిచేత్తోనే నూరాడు. ఐదు రోజుల్లో చెయ్యి కొంచెం కుదిరింది. ఎస్సై చాయ్ తెప్పించి ఒక గ్లాసు తానే స్వయంగా బాపుకు అందించాడు. ఏ చెయ్యి చాస్తాడో చూడాలని. నాకు ఆ భయంలోనూ నవ్వొచ్చినంత పనైంది. ఏ పుర్రచేతివాడు ఎడమచేత్తో గ్లాసు అందుకుంటాడు మా ఇళ్ళల్లో? బాపు కుడిచేత్తో తీసుకున్నాడు, తాగాడు, కింద పెట్టాడు.

తర్వాత ఎస్సై సిగరెట్టు నోట్లో పెట్టుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, "పట్టు" అంటూ ఉన్నట్టుండి బాపు మీదికి విసిరాడు.

బాపు ఏ చెయ్యీ ఎత్తలేదు. అగ్గిపెట్టె ఛాతీకి తగిలి కింద పడింది. ఆయన నెమ్మదిగా వంగి, కుడిచేత్తో తీసి ఇచ్చాడు. ఆయన ఎడమచెయ్యి తొడ కింద నలుగుతూ ఉండడం నాకు వెనకనుంచి కనబడింది. ఎప్పటినుంచి దాని మీద కూర్చున్నాడో.

"ఇంట్లో వాడుకునే చాకు ఒకటి పట్రండి" అన్నాడు ఎస్సై.

అవ్వ తలుపు దగ్గర నిలబడి కత్తిపీట ఉన్నది, కొడవలి ఉన్నది అని చెప్పింది. తాను అడిగింది చాకు అన్నాడాయన. సాన పట్టేవాడి ఇంట్లో చాకు లేకుండా ఉంటుందా అన్నాడు. అవ్వ తలుపు రెక్క పట్టుకుంది. ఇంకో నిమిషం అట్లాగే ఉంటే లోపలికి వస్తాడని నాకు అనిపించింది.

"అవ్వా, గిదో, గిది ఇయ్యి" అన్నాను.

అవ్వ నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. గడప అవతల బాపు తల వంగిపోయింది. అవ్వ వచ్చింది, బొంత కిందినుంచి చాకు తీసింది, తీసుకుపోయింది. ఆ క్షణం నుంచి పాప తలకింద ఏమీ లేదు. అంతా ముందే ఆలోచించుకున్నదాన్ని, ఇదొక్కటి ఆలోచించుకోలేదు. నా చేతులు వాటంతట అవే జాకెట్టుకున్న పిన్నీసు ఊడదీసి, తెరిచి, బొంత కింద పెట్టాయి. అది కూడా ఇనుమే కదా. మొన కూడా ఉంది కదా. పిన్నీసు మీద అరచెయ్యి ఆనించి, ముందు గదిలోకి చూస్తూ కూర్చున్నాను.

ఎస్సై చాకు విప్పి బొటనవేలితో అంచు మీద గీశాడు. మళ్ళీ గీశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ కొత్త గీతలు ఆయనకు కనబడ్డాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"సానవాడి ఇంట్లో ఇంత మొద్దు చాకా?" అని నవ్వాడు. పసుపు అంటిన వేలు చూసుకున్నాడు. "ఈ పసుపేంటి?"

"పసిపిల్ల తలకింద వెడ్తరు సార్" అన్నాడు కానిస్టేబుల్. "పురుడు ఇల్లు."

ఎస్సై ఆ వేలు రుమాలుతో తుడుచుకున్నాడు. "మా ఊళ్ళోనూ పెడతారు" అని, చాకు మూసి అవ్వ చేతికి ఇచ్చాడు. జీపు వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ రాలేదు. మేము మాత్రం ఏడాది దాకా జీపు చప్పుడు విన్నప్పుడల్లా చేతిలో పని ఆపేవాళ్ళం.

అవ్వ చాకును పసుపునీళ్ళతో కడిగింది. కడుగుతూ అంచు తడిమి ఆగింది. అది బొంత కింద పెట్టడానికి వచ్చినప్పుడు పిన్నీసు ఆమె చేతికి గుచ్చుకుంది. దాన్ని తీసి నా జాకెట్టుకు తానే పెట్టింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. దీపం పెట్టే వేళ పక్కన కూర్చుని ఒక్క మాట అన్నది.

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నీకు ఎరుకయ్యే చేసినవ్."

తిట్టిందో మెచ్చుకున్నదో తెలియదు. పందొమ్మిదో రోజు పాపకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఉండి పోయింది. అవ్వ కొడవలి తెచ్చి చాకు పక్కనే పెట్టింది. పెట్టిన ఇనుము మార్చకూడదు, తోడు పెట్టవచ్చేమో. నేను అడగలేదు. అప్పటినుంచి పాప దగ్గినా, అన్నం వద్దన్నా, నిద్రలో కలవరించినా, షాబాదు బండ మీద ఆ చప్పుడే వినిపిస్తుంది.

బాపు మళ్ళీ ఎడమచేత్తో నూరలేదు. ఇప్పుడు కోరుట్ల సాన అంటే అన్ని ఊళ్ళ సానలాంటిదే. పని తగ్గింది కూడా. రైతుల జేబుల్లో చాకులే తగ్గాయి.

పోయిన నెల ఆయన వేములవాడలో బస్సు మారి మా ఇంటికి వచ్చాడు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నప్పుడు గూట్లో చాకు కనబడింది. మూడేళ్ళలో మేమిద్దరం దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. తీసి, విప్పి, వెలుతురుకు పట్టాడు. నేను వంటింటి గడపలో నిలబడిపోయాను.

"పదును పెట్టియ్యి బాపు" అన్నాను.

ఆయన చాకును ఎడమచేతిలోంచి కుడిచేతికి, మళ్ళీ ఎడమచేతికి మార్చుకున్నాడు.

"ఇట్ల పడ్తె నా చెయ్యి కనవడ్తది. అట్ల పడ్తె ఎవ్వని చెయ్యో నాకే ఎరుకలేదు" అన్నాడు. తర్వాత అంచు మీద గోరు ఆనించి చూపించాడు. "గిది చూడు. గిది కుడిచేతోళ్ళ పని. వాలు కుడిపక్కకు వడ్డది. నూరుడు రాదు గని చెయ్యి ఉన్నది. నీ చెయ్యి బిడ్డా."

సంచిలోంచి అరచెయ్యంత నూరుడు రాయి తీసి గూట్లో చాకు పక్కన పెట్టి, నువ్వే పట్టు అన్నాడు. ఎట్లా పట్టాలో ఒకసారి చూపించాడు. నీళ్ళు ఎక్కువ పోయకూడదు, వాలు మారకూడదు, తొందర కూడదు. పాపకు చిక్కీ కొనిపెట్టి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

నెల రోజులుగా ఆ రాయి గూట్లోనే ఉంది. నా చెయ్యి అంటూ ఒకటి ఏర్పడితే, ఎప్పుడైనా ఎవరైనా వచ్చి ఇది ఎవరి చెయ్యి అని అడిగితే, అన్న ఆలోచన వచ్చేది. పనికిమాలిన ఆలోచన. వేములవాడ దారిలో ఇప్పటికీ బస్సులు ఆపుతూనే ఉన్నారు కనుక పూర్తిగా పనికిమాలినదీ కాదు. కాని ఈ మధ్యాహ్నం సిరప్ తాగించాక పాప నుదురు ఇంకా వెచ్చగానే ఉంటే, లేచి వెళ్ళి రాయి తడిపాను. వాకిట్లో కూర్చుని కుడి పక్క వాలు పట్టాను. పది సార్లు గీయడం, లోపలికి పోయి నుదురు చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఎదురింటామె చూసి, ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా అన్నది. గుర్తొచ్చిందన్నాను. పొద్దుగూకేసరికి అంచు వెంట తెల్ల గీత ఒకటి మొదలైంది. బాపు గీతలాగా నిటారుగా లేదు, మధ్యలో రెండుచోట్ల వణికింది. టమాట మీద పెట్టి చూశాను. తెగలేదు, కాని తొక్కను పట్టుకుంది.

సగం మడిచి బొంత కింద పెట్టాను. రేపు మళ్ళీ సాన పడతాను.